సోదా చీటీ నంబరు పదమూడు

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చుకోలేకపోయింది. నాలుగు చినుకులు రాల్చడం, ఆపేయడం. తూర్పున కాస్త వెలుగు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. ఎంత చిలికినా వెన్న పడని పెరుగులా మబ్బు అలాగే నిలబడి ఉంది. ఐదు రోజుల కిందట కూడా ఇదే మబ్బు. కాకపోతే ఆ రోజు ఆరూ ఇరవైకి వాన దిగింది. ఏడున్నర దాకా విడవలేదు. భూతద్దం వాకబు చేసి తెలుసుకున్న ఆ రెండు టైములూ చేతి పుస్తకంలో రాసుకుని, జైలు గేటు ముందు గొడుగు దులిపాడు.

భూతద్దం అన్నది ఆయన పేరు కాదు. ఇన్‌స్పెక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఏ కాగితమైనా ముక్కుకు ఆనించుకుని చదివేవాడని కానిస్టేబుళ్లు చాటుగా పెట్టుకున్న పేరు. రిటైరయ్యాక అది చాటు దాటి వీధిలోకి వచ్చింది. ఇప్పుడు లాయర్లు పిలిస్తే వెళ్లి కేసుల్లో కూపీలు లాగి పెడుతుంటాడు. ఉండేది కూతురింట్లో, మేడ మీద గదిలో. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నది ఆ కూతురి మొగుడే.

ఈ కేసు అల్లుడిదే. తెలిసే ముద్దాయి తరఫు లాయరమ్మ ఈయన్ని పిలిచింది. "ఆ స్టేషను గోడల్లో ఏ ఇటుక వదులుగా ఉందో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?" అంది. పొగిడిందో పొడిచిందో ఆయనకు అంతు చిక్కలేదు.

పన్నెండో తారీఖు పొద్దున ఐదున్నరకూ ఆరింటికీ మధ్య మందుల షాపు యజమానిని షాపు వెనక గదిలో ఎవరో తల పగలగొట్టి చంపారు. అదే రోజు ఏడూ పదికి, రెండు వీధుల అవతల, ఒక ప్లంబరును ఆపి సోదా చేశారు. అతని పనిముట్ల సంచిలో షాపు బీరువా తాళాలు దొరికాయి. ఇదీ సోదా చీటీ నంబరు పదమూడు చెప్పే కథ. ఆ చీటీ రేపు పదిన్నరకు జడ్జి ముందు నిలబడితే ప్లంబరు బతుకంతా లోపలే. నిలబడకపోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

జాలీకి అవతల ప్లంబరు వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతికి పని లేక ఏం చెయ్యాలో తోచనట్టు, జాలీని బిగించిన బోల్టును వేలితో తిప్పుతున్నాడు.

"ఇది వదులైంది సార్. వాళ్లకి చెప్పండి, లేకపోతే అది కూడా నేనే విప్పానంటారు."

భూతద్దం నవ్వలేదు. "ఏడూ పదికి ఎక్కడున్నావు?"

"ఇస్త్రీ షాపు చూరు కింద. వాన కదా. షాపు మూసే ఉంది."

"జీపు?"

"వచ్చి ఎదురుగా ఆగింది. ఇద్దరు. ఒకాయన దిగి చెయ్యి చాపాడు. సంచి ఇచ్చేశాను."

"ఎందుకు ఆపారో చెప్పారా?"

"లేదు."

"తన పేరు, ఏ స్టేషనో చెప్పాడా?"

"యూనిఫాం వేసుకున్నాయన్ని నీ పేరేంటి బాబూ అని అడుగుతామా సార్?"

"సంచి నీ కళ్ల ముందే విప్పారా?"

"తడుస్తుందని జీపులోకి తీసుకుపోయారు. పరదా దించి ఉంది. ఓ ఐదు నిమిషాలు. నాకు కనబడింది పరదాయే. తర్వాత 'ఇవేంట్రా' అని తాళాలు చూపించారు."

"పక్కన సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"ఒక కుక్క ఉంది."

"ఏం దొరికిందో రాసి, అందులో ఒక కాపీ నీకిచ్చారా?"

ప్లంబరు బోల్టు తిప్పడం ఆపాడు. "అవన్నీ మనం అడగొచ్చా సార్?"

"అడగొచ్చు. అసలు నువ్వు అడిగేదాకా ఆగకూడదు. ఎందుకు ఆపారో, తామెవరో వాళ్లే చెప్పాలి. నీ కళ్ల ముందు, ఆ చుట్టుపక్కల మనిషి ఒకరు చూస్తుండగా వెతకాలి. అక్కడే రాయాలి. నీ కాపీ నీకివ్వాలి."

"నాకు తెలీదు." గొంతు తగ్గిపోయింది. "ముందు రోజు ఆ షాపాయనతో గొడవపడ్డ మాట నిజం. పైపు కారుతోందని నలుగురిలో తిట్టాడు, నేనూ ఒక మాట ఎక్కువే అన్నాను. ఆ బెరుకు ఉందేమో, సంచి అడగ్గానే ఇచ్చేశాను. ఒక్క మాట, ఎందుకండీ అని ఉంటే… మా ఆవిడ కూడా అదే అంది. నీ నోరు పైపుల దగ్గరే లేస్తుంది అంది." తల ఎత్తాడు. "మీరు డ్యూటీలో ఉన్నప్పుడు ఇవన్నీ అందరికీ చెప్పేవారా సార్?"

భూతద్దం గొడుగు అందుకున్నాడు. "టైమైంది," అన్నాడు. ఇంకా నాలుగు నిమిషాలుంది.

*

ఇస్త్రీ షాపు దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదీ ఇరవై. ముందు షాపు జోలికి పోలేదు. రోడ్డు అవతల నిలబడి చూశాడు. చూరు మూడడుగులు. దాని కింద ఒక మనిషి నిలబడితే భుజం తడుస్తుంది. జీపు ఆగిన చోట మట్టిలో ఇంజనాయిలు మరక ఇంకా ఉంది. అడుగులు వేసి కొలిచాడు, పదకొండు. పరదా దించిన జీపులో ఎవరు ఏం చేస్తున్నారో పదకొండు అడుగుల నుంచి గద్దకైనా కనబడదు. గోడ మీద పెయింటుతో రాసి ఉంది: ఎనిమిది నుంచి ఎనిమిది దాకా.

లోపల ఇస్త్రీ మనిషి చొక్కా పరిచి, ఎడం చేత్తో పెట్టె నెడుతున్నాడు. కుడి చేతికి మణికట్టు దాకా కట్టు. వేళ్లన్నీ కలిపి కట్టేశారు. కాలరు దగ్గర పెట్టె వంకర పోతే పళ్లు కొరుకుతున్నాడు.

"రండయ్యా. చాన్నాళ్లకి. కూర్చోమందామంటే ఉన్న ఒక్క స్టూలు మీద ప్యాంట్లు కూర్చున్నాయి."

"చేతికేమైంది?"

"ఒకటో తారీఖున. పెట్టె జారుతుంటే పట్టుకోబోయాను, కింద పెళ్లికొడుకు చొక్కా ఉందని. చొక్కా బతికింది, చెయ్యి పోయింది."

"డాక్టరు రాసిన కాగితం ఉందా?"

ఉంది. తారీఖు ఒకటి. టైము పదకొండున్నర. మూడు వారాలు కట్టు విప్పకూడదని రాసి ఉంది. భూతద్దం దాన్ని ముక్కుకు ఆనించుకుని రెండుసార్లు చదివాడు.

"అప్పట్నుంచి పెన్ను పట్టావా?"

"చెంచా పట్టలేకపోతున్నాను. మొన్న కరెంటు ఆఫీసులో ఎడంచేతి వేలిముద్ర వేసొచ్చాను. గుమస్తా నన్ను చూసి, చదువుకోలేదా పాపం అన్నాడు."

భూతద్దం సంచిలోంచి లాయరమ్మ ఇచ్చిన కాగితం తీశాడు. సోదా చీటీ నంబరు పదమూడు. పన్నెండో తారీఖు, ఏడూ పది. సంచి అడుగున, ఎర్ర దారం కట్టిన గుత్తి, నాలుగు తాళాలు, ఒకదాని తల విరిగింది. కింద సాక్షి సంతకం. గుండ్రంగా, వంకర లేకుండా, చివర తోక తిప్పి.

"ఇది నీదేనా?"

"నాదే."

"చెయ్యి కాలిన పదకొండు రోజులకి ఇంత చక్కగా ఎలా పెట్టావు?"

ఇస్త్రీ మనిషి పెట్టె నిలబెట్టాడు. ఆయన ముఖంలోకి చూశాడు. ఆ చూపులో భయం లేదు. ఆశ్చర్యం ఉంది.

"అదేంటయ్యా, మీకు తెలీనట్టు అడుగుతారు? కొత్త పుస్తకం రాగానే కానిస్టేబులు పట్టుకొస్తాడు. ఇరవై ఖాళీ చీటీలు. ఇరవైకీ ఒకేసారి పెట్టేస్తాను. ఇది పోయిన నెల పెట్టింది. మీరు పెట్టిన పద్ధతేగా."

భూతద్దం చీటీని మళ్లీ ముక్కుకు ఆనించుకున్నాడు.

"నాకింకా గుర్తే. ఇరవై రెండేళ్లవుతోంది. ఏదో సోదాకి సాక్షిగా నన్ను పిలిచారు. తిరిగొచ్చేసరికి స్కూలు హెడ్మాస్టరు గారి తెల్లచొక్కా వీపున పెట్టె ఆకారం పడిపోయింది. ఆయన నన్ను వీధిలో నిలబెట్టి కడిగేశాడు. మీరే అడ్డమొచ్చారు. 'ఇక నిన్ను పనిలోంచి లేపను, సంతకాలు ముందే పెట్టేసి నీ పని నువ్వు చూసుకో' అన్నారు. ఎంత మంచి ఆఫీసరని ఇంటికెళ్లి మా అమ్మతో చెప్పుకున్నాను." పెట్టె మళ్లీ తీసుకున్నాడు. "తప్పా అయ్యా?"

"నీది కాదు," అన్నాడు భూతద్దం.

జాలిపడి చేసిన పని. అందుకే ఇన్నేళ్లూ లెక్కలోకి రాలేదు. ఇస్త్రీ మనిషి చెప్పింది వరసగా రాశాడు. ఎడంచేతి వేలిముద్ర వేయించబోయి చెయ్యి ఆపాడు. రాసింది మొదట్నుంచీ పైకి చదివి వినిపించాడు. అప్పుడు ముద్ర వేయించుకున్నాడు.

*

స్టేషనులో అడుగు పెట్టేసరికి పదకొండు. ముసలి హెడ్ కానిస్టేబులు అలవాటుగా లేచి నిలబడి, ఈయన ఇప్పుడు ఎవరి పక్షమో గుర్తొచ్చి, సగంలో కూర్చున్నాడు.

"రండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు నలుగురూ వినేలా. గది తలుపు మూసుకోగానే గొంతు మారింది. "కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా మామయ్యా. ఇంట్లో అడగాల్సినవి ఇక్కడ అడగడం ఎందుకు?"

"ఇక్కడ అడగాల్సినవి ఇంట్లో అడగడం నాకు ఇష్టం లేక. సోదా చీటీల పుస్తకం కావాలి. కోర్టు ఇచ్చిన ఉత్తరువు ఇదిగో."

ఇన్‌స్పెక్టరు ఉత్తరువు చదివి, సొరుగులోంచి పుస్తకం తీసి బల్ల మీదకి జార్చాడు. భూతద్దం ఒక్కో కాగితమూ తిప్పాడు. ఒకటి నుంచి పదమూడు దాకా. పదమూడో చీటీకి అడుగున ప్లంబరుకు ఇవ్వాల్సిన కార్బన్ కాపీ చెక్కుచెదరకుండా ఉంది. ఆ తర్వాత అట్ట.

"ఇరవై ఉండాలి."

"తడిసిపోయాయి. చించి పారేశాం."

"పదమూడు తడవకుండా, కింది ఏడే తడిశాయా? వాన కింద నుంచి పడిందా?"

అల్లుడు నవ్వాడు. "మీ దగ్గర నేర్చుకున్నవాణ్ణి. మీతో వాదించను. ఏం తెలిసింది మీకు?"

"సాక్షి చెయ్యి ఒకటో తారీఖున కాలింది. చీటీ పన్నెండున రాశారు. షాపు ఎనిమిదికి గాని తియ్యరు, సోదా ఏడూ పదికి. ఆ మనిషి అక్కడ లేడు. నీ చీటీ అబద్ధం."

"సంతకం వరకు అబద్ధం. తాళాలు అబద్ధం కాదు. వాడే చంపాడు మామయ్యా. ముందు రోజు షాపు ముందు వాడు వేసిన రంకె వీధంతా విన్నది."

"రంకె వేసినవాడల్లా హంతకుడైతే నీ పెళ్లినాటికి నేను ఉరికంబం మీద ఉండాలి. వాడు కాకపోతే? చంపినవాడు ఐదు రోజులుగా కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. తాళాలు ఎక్కడ దొరికాయి?"

"చీటీలో ఉంది."

"నేను నిన్ను అడుగుతున్నాను."

ఇన్‌స్పెక్టరు లేచి, గోడ బీరువాలోంచి అట్ట చిరిగిన పాత పుస్తకం ఒకటి తెచ్చాడు. ముందే తీసి దుమ్ము దులిపి పెట్టుకున్నాడని చూడగానే తెలుస్తోంది. ఒక పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాడు. రాత భూతద్దానిదే. కింద అదే గుండ్రటి సంతకం, చివర అదే తోక.

"సైకిల్ మెకానిక్. గుర్తున్నాడా? ఏడేళ్లు పడింది. రేపు మీరు బోనెక్కి ఈ సంతకాలు ముందే పెట్టించినవి అంటారు. అవతలి లాయరు ఒక్కటే అడుగుతాడు, ఎప్పట్నుంచి అని. ఏం చెబుతారు? మీ చీటీల మీద లోపలికి పోయినవాళ్లు ఎంతమందో మీరే లెక్కేసుకోండి. నా పుస్తకం కాలిస్తే ఆ మంట మీ పుస్తకాలకీ అంటుకుంటుంది."

గుర్తున్నాడు. ఎందుకు మరుస్తాడు? 'నన్నెందుకు సోదా చేస్తున్నారు సార్' అని అడిగిన ఒకే ఒక్కడు వాడు. జవాబుగా చెంప మీద ఒకటి పడింది. ఆ చెంపదెబ్బ చీటీలో ఎక్కలేదు. వాడి సంచిలో దొరికింది నిజంగా వాడిదేనా అని ఆ రోజు అనుమానం రాలేదు. వచ్చినా చీటీ ఉంది, సాక్షి ఉన్నాడు. లేని సాక్షి.

"ఇంకో మాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "ఆ ఏడు చీటీలు తడవలేదు. నా దగ్గరే ఉన్నాయి. సాక్షి సంతకంతో సహా. తారీఖు వేసుకోవచ్చు, పేరు రాసుకోవచ్చు. ఎవరి సంచిలో ఏం దొరికిందో రాయడానికి ఒక్క గీత చాలు. మీ లాయరమ్మ సంచి కూడా పెద్దదే."

"బెదిరిస్తున్నావా?"

"జాగ్రత్త చెబుతున్నాను. భోజనానికి ఇంటికొస్తాను. అక్కడ ఈ మాటలొద్దు."

*

ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. కూతురు వంటింట్లో కూర కలుపుతోంది. భూతద్దం బల్ల దగ్గర కూర్చుని రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టాడు. తన వాంగ్మూలం తానే రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ల కిందట తెల్లచొక్కా దగ్గర మొదలుపెట్టి, సైకిల్ మెకానిక్ చెంపదెబ్బ మీదుగా పదమూడో నంబరు దాకా. ఎక్కడా అర్థించలేదు, సర్దిచెప్పలేదు. అంతా అరగంట పట్టింది.

ఒక్కటే మిగిలింది. తాళాలు ఎక్కడివి? ఆ పొద్దున తను మేడ మీద నిద్రలో ఉన్నాడు. కింద మేలుకుని ఉన్నది కూతురు.

"అమ్మాయ్," అన్నాడు. ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చేసింది. ఆపుకున్నాడు. "ఇలా వచ్చి కూర్చో. నిన్నొకటి అడగాలి. నాన్నలా కాదు, జైల్లో ఉన్న ప్లంబరు తరఫున. నీ జవాబు నీ మొగుడి ఉద్యోగం మీదకి రావచ్చు, ఆపైన జైలు దాకా కూడా పోవచ్చు. చెప్పనంటే చెప్పను అను. రెండోసారి అడగను."

ఆమె గరిటె పట్టుకునే వచ్చి కూర్చుంది.

"చిన్నప్పుడు నా స్కూలు సంచి ఎన్నిసార్లు నేల మీద బోర్లించావో గుర్తుందా నాన్నా? నేను బడి నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే. ఒక్కసారైనా ఎందుకో చెప్పావా?"

"లేదు."

"దొంగతనం చెయ్యకపోయినా దొంగలా నిలబడేదాన్ని."

"తప్పు చేశాను."

ఆమె గరిటె బల్ల మీద పెట్టింది. "ఆ పొద్దున ఆరింటికి ముందే ఫోనొస్తే ఆయన మందుల షాపుకి వెళ్లారు. తడిసి ముద్దయి, చొక్కా మార్చుకోవడానికి తిరిగొచ్చారు. జేబులోంచి తాళాల గుత్తి తీసి రేడియో పక్కన పెట్టారు. ఎర్ర దారం. నాలుగు తాళాలు. ఒకదానికి తల లేదు."

"టైము?"

"రేడియోలో వార్తలు అప్పుడే మొదలయ్యాయి."

"ఏ వార్తలు?"

"ఆరూ నలభై ఐదు."

సంచిలో దొరకడానికి ఇరవై ఐదు నిమిషాల ముందు ఆ తాళాలు ఈ ఇంట్లో ఉన్నాయి.

"రెండ్రోజుల తర్వాత పేపర్లో చదివాను. ఎర్ర దారం అని రాశాడు. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు. ఆ ప్లంబరు భార్య నిన్న గేటు దాకా వచ్చి నీకోసం అడిగింది. నాన్న లేడని చెప్పి పంపేశాను. నువ్వు మేడ మీదే ఉన్నావు." ఆమె చెయ్యి చాపింది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"ఆగు. ముందు రాయనీ. తర్వాత చదువు. నచ్చితే అప్పుడు పెట్టు."

మళ్లీ కార్బన్ పెట్టి రాశాడు. ఆమె చదివింది. ఒకచోట 'ఆరూ నలభై ఐదు దాటాక' అన్నదాన్ని కొట్టేయించి 'సరిగ్గా ఆరూ నలభై ఐదుకి' అని రాయించింది. అప్పుడు సంతకం చేసింది. కార్బన్ తీసి, మూల కాగితాలు రెండూ, ఇస్త్రీ మనిషి వేలిముద్ర కాగితమూ కవరులో పెట్టి అంటించాడు. తానే వెళ్లి ఎదురు వీధిలో లాయరమ్మ ఇంట్లో ఇచ్చి, అందినట్టు రాయించుకుని వచ్చాడు. ఏడు ఖాళీ చీటీల సంగతి కూడా ఆమెకు చెప్పి, సంచి జాగ్రత్త అన్నాడు.

ఒంటిగంటన్నరకు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు కాళ్లు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. భూతద్దం రెండు కాపీలూ అల్లుడి పళ్లెం పక్కన పెట్టాడు. నీలం రంగు అక్షరాలు కొంచెం అలుక్కున్నాయి గాని చదవడానికి ఇబ్బంది లేదు.

"ఇవేంటి?"

"నీ కాపీలు. రేపు నీ మీద ఏం చెప్పబోతున్నామో ఈ రోజే నీకు తెలియాలి. అది నీకు ఉన్న హక్కు. మూలం లాయరమ్మ దగ్గరుంది. నా ఉద్యోగంలో ఒక మనిషికి కాపీ ఇవ్వడం ఇదే మొదలు."

ఇన్‌స్పెక్టరు మొదటిది చదివాడు. రెండోది తీశాడు. కింద సంతకం దగ్గర చూపు ఆగిపోయింది. తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది. జేబులోంచి మడత పెట్టిన కాగితాల అంచు కనబడుతోంది. ఆ చీటీలు ఎన్నో లెక్కపెట్టాల్సిన పని లేదు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉండి, కిందకి దిగింది.

ఆమె ముగ్గురికీ అన్నం వడ్డించింది. ముందు మొగుడికి, తర్వాత తండ్రికి, ఆఖరున తనకి. రోజూ వాళ్లిద్దరూ లేచాక తినేది, ఇవాళ వాళ్లిద్దరి మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ముగ్గురూ తల వంచుకుని చివరి మెతుకు దాకా తిన్నారు. ఉప్పు ఎవరూ అడగలేదు.